ఇంజనీరు గారి కుర్చీ

లిఫ్టు మేస్త్రి ఇంట్లో విమానం బట్టలారేసే గదిలో ఉంటుంది. అడ్డంగా కట్టిన తాళ్ళ మీద తడి చొక్కాలు వేలాడుతుంటే, వాటి కిందనుంచి వంగి వెళ్ళి కెప్టెన్ సీట్లో కూర్చోవాలి. ఆ సీటు తుక్కుకి పోయిన ఒక మినీ బస్సు డ్రైవరుది. ఎదురుగా మూడు కంప్యూటర్ తెరలు, ఏదో ఆఫీసువాళ్ళు ఖాళీ చేసి పోతూ లిఫ్టు పక్కన వదిలేస్తే తెచ్చుకున్నవి. నడినెత్తిన చుక్క పడితే మేస్త్రి తుడుచుకుని, "బయట వాతావరణం బాగాలేదు" అనేవాడు. ఆ మాటకి నవ్వే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు.

కంప్యూటర్లో విమానాలు నడిపేవాళ్ళు లోకంలో కొల్లలు. వాళ్ళలో బుద్ధిమంతులు మామూలు విమానం తీసుకుని, మామూలుగా లేపి, మామూలుగా దించుకుంటారు. మేస్త్రికి అది ఆనలేదు. కాంకార్డే కావాలన్నాడు. ధ్వనికి రెండింతల వేగంతో జనాన్ని మోసిన విమానం అది. ఇప్పుడు ఎక్కడా ఎగరడం లేదు, మ్యూజియంలలో నిలబడి దుమ్ము తుడిపించుకుంటోంది. పొడుగాటి మెడ, దిగేటప్పుడు కిందికి వంచుకునే ముక్కు. చచ్చిపోయిన విమానం మీద ఈ మోజేమిటని తోటి మెకానిక్కులు ఏడిపిస్తే, "ఇన్నేళ్ళూ పైకీ కిందికీ తిరిగాను, ముందుకి పోతే ఎలా ఉంటుందో చూడొద్దా" అనేవాడు. అది ఒప్పుకోవలసిన మాటే. లిఫ్టు గొట్టంలో, గ్రీజు వాసనలో, తాడు పట్టుకుని వేలాడుతూ వయసంతా గడిపిన మనిషి ఆయన.

అయితే ఆ విమానంతో ఒక తిరకాసు ఉంది. ధ్వని వేగం దాటేటప్పుడు దాని తూకం మారిపోతుంది. ముందు ట్యాంకుల్లో ఉన్న ఇంధనాన్ని తోకలో ఉన్న ట్యాంకుకి తోడాలి. మళ్ళీ వేగం తగ్గించి దిగే ముందు, తోకలోదంతా ముందుకి తోడెయ్యాలి. మరిచిపోయారో, తోక బరువుకి ముక్కు ఆకాశానికి లేచి, విమానం చేతికి దక్కదు. అందుకే నిజం విమానంలో పైలట్ల వెనక ఒక ఇంజనీరు, గోడనిండా ఉన్న మీటల వైపు తిరిగి కూర్చునేవాడు. మేస్త్రికి ఇంజనీరెక్కడ దొరుకుతాడు? ముందుకి చూస్తూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి స్విచ్చులు వేస్తూ, ప్రతి ఆదివారం పొద్దున్నా సముద్రంలో పడేవాడు. తలప్రాణం తోకకి వచ్చేది.

ఆయన భార్య నీళ్ళ పంపు హౌస్‌లో పని చేసింది. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసి వాల్వులు తిప్పే ఉద్యోగం. చుట్టుపక్కల అందరికీ ఆవిడ పంపుల మేడమ్. నీళ్ళు రాకపోతే ఆవిడనే తిట్టేవాళ్ళు, వస్తే మాత్రం ఆవిడ ఊసెత్తేవాళ్ళు కారు. మీటర్లంటే ఆవిడకి గిట్టదు. ముల్లు ఎంత చూపించినా సరే, వాల్వు తిప్పాక అరచెయ్యి పైపు మీద ఆనించి, లోపల నీళ్ళు కదులుతున్న వణుకు తగిలితేనే పుస్తకంలో సంతకం పెట్టేది. ఉద్యోగం మానేసిన రోజున, ఎవరికీ అక్కర్లేని తన తిరుగుడు కుర్చీని అడిగి మరీ ఇంటికి తెచ్చుకుంది.

ఒక ఆదివారం ఆవిడ తాళ్ళ మీంచి దుప్పట్లు తీస్తుంటే, మేస్త్రి మళ్ళీ సముద్రంలో పడ్డాడు.

"ఆ పెట్రోలంతా తోకలోకి ఎందుకు తోశారు?" అంది ఆవిడ.

"తొయ్యాలి. వేగం అలాంటిది."

"తోశారు సరే. మళ్ళీ ముందుకి తెచ్చే పని ఎవరిది?"

"నాదే."

"మీరు ఆ స్టీరింగు వదలరాయె. ఇంకెట్లా తెస్తారు?" దుప్పటి మడత పెట్టి మంచం మీద పడేసి, తిరుగుడు కుర్చీ లాక్కొచ్చి ఆయన వెనక వేసింది. "ఏ స్విచ్చు ఏ ట్యాంకుదో చెప్పండి. ఇదేమన్నా బ్రహ్మవిద్యా, పై వీధికి ఆపి కింది వీధికి వదలడమేగా."

ఆ రోజు విమానం నేల మీద దిగింది. తర్వాత మేస్త్రి లేచి, ఏనాడూ లేనిది, తనే టీ పెట్టాడు.

అక్కడినుంచి ఆయన ఆగలేదు. పాత లిఫ్టు కంట్రోలు పెట్టెల్లోంచి అసలైన మీట స్విచ్చులు పీకి తెచ్చి, చెక్క బల్లకి బిగించి, ఆవిడ ఎదుట గోడకి నిలబెట్టాడు. బల్ల వెనక రిలేలు పెట్టాడు. రిలే అంటే లిఫ్టు పెట్టెలో ఉండే చిన్న అయస్కాంతం. కరెంటు అందగానే టక్కున అతుక్కుని, అతుక్కున్నంతసేపూ సన్నగా రొద పెడుతుంది. ఒక్కో పంపుకి ఒక్కో రిలే. పంపు నడుస్తుంటే బల్ల వణుకుతుంది. ఆవిడ స్విచ్చు వేసి, అరచెయ్యి బల్లకి ఆనించి, వణుకు తగిలాక, "పోతోంది కెప్టెన్ గారూ" అనేది. "సంతోషం ఇంజనీరు గారూ" అనేవాడు ఈయన. అంతకుముందు వాళ్ళ సంసారంలో మాటలంటే తాళం చెవి ఎక్కడ పెట్టారు, పాలు వచ్చాయా, అంతే. సముద్రం మీద, ధ్వనికి రెండింతల వేగంలో, ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవడం మొదలెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయనకి భార్యంటే ఇష్టం పుట్టింది. ఆ ముక్క ఆవిడకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మగవాళ్ళలో ఈ తెగులు ఉంది, దీనికి మందు లేదు.

తర్వాత ఆవిడకి మతిమరుపు పట్టుకుంది. మొదట్లో అందరికీ ఉండేదే అనుకున్నారు. ఒకరోజు ఆవిడ మెట్లు దిగి వెళ్ళి, బిల్డింగు మొత్తానికి నీళ్ళొచ్చే వాల్వు కట్టేసి వచ్చి కూర్చుంది. ఎందుకంటే, "ఇప్పుడు పై వీధి వంతు" అంది. ఒళ్ళంతా సబ్బుతో ఉన్నవాళ్ళు, పిల్లల్ని బడికి పంపేవాళ్ళు, అందరూ మేస్త్రి మీదికి ఒంటికాలి మీద లేచారు. ఇంకోరోజు కనిపించకుండా పోయింది. సాయంత్రానికి పంపు హౌస్ గేటు దగ్గర దొరికింది. కాపలా మనిషి కొత్తవాడు, ఆవిడెవరో ఎరగడు. "డ్యూటీకి ఆలస్యమైంది, గేటు తియ్యి" అని ఆవిడ వాడి మీద కేకలేస్తోందట. డాక్టరు మెదడుకి ఫొటోలు తీయించి, ఇది తగ్గేది కాదు, పెరిగేదేనని తేల్చి చెప్పాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆసుపత్రి ల్యాబులో షిఫ్టుల పని. షిఫ్టు దిగి అమ్మ దగ్గరికి, అమ్మ దగ్గరినుంచి షిఫ్టుకి, నిలబడి కునుకు తీసే స్థితికి వచ్చింది పిల్ల. మేస్త్రి ఉద్యోగం ఇంకా అయిపోలేదు. ఎవడో లిఫ్టులో ఇరుక్కున్నాడని ఫోనొస్తే, భార్యని ఇంట్లో పెట్టి తాళం వేసి పరిగెత్తేవాడు. ఎవర్నో బయటికి తియ్యడానికి ఆవిడని లోపల పెట్టి పోతున్నానని దారి పొడుగునా కుమిలిపోయేవాడు.

ఒకనాడు కూతురు నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పేసింది. "నాన్నా, ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్‌లో ఒక మంచం ఖాళీ అయింది. వచ్చే వారం ఆఖరు దాకా ఆపుతామన్నారు."

"మీ అమ్మ బాగానే ఉంది."

"నిన్న నన్ను నువ్వెవరి అమ్మాయివని అడిగింది నాన్నా."

"అడగనీ. ఇంజనీరు కుర్చీలో కూర్చుంటే మాత్రం ఇప్పటికీ ఒక్క పొరపాటు చెయ్యదు. అంత పని చేసే మనిషిని తీసుకెళ్ళి అక్కడ పడేస్తామా?"

కూతురు ఆయన మొహంలోకి చూసింది. "సరే, నాకు చూపించు. ఆదివారం వస్తాను. అమ్మ నా కళ్ళెదుట ఆ పని సరిగ్గా చేసిందంటే ఇంక హోమ్ మాట ఎత్తను. ల్యాబులో జీతం లేని సెలవైనా పెట్టి వచ్చి ఇక్కడే ఉంటాను. చెయ్యలేకపోతే, నువ్వింక అడ్డు చెప్పకూడదు."

ఆయన సరేనన్నాడు. కానీ ఒక్క సంగతి కూతురికి చెప్పలేదు. కిందటిసారి దిగే ముందు, "ముందుకి తోడండి ఇంజనీరు గారూ" అంటే, ఆవిడ చెయ్యి స్విచ్చుల ముందు గాల్లో ఆగిపోయింది. ఆగి, ఆగి, ఆఖరికి సరైన స్విచ్చు మీదే వాలింది. వాలింది కదా అని సర్దిచెప్పుకున్నాడు గానీ, గాల్లో నిలిచిపోయిన ఆ చెయ్యి ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఆదివారం వాలకపోతే?

విమానం నడిపే ఆ కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక సదుపాయం ఉంది. ఇంజనీరు లేనివాళ్ళ కోసం ఇంధనం పని కంప్యూటరే చూసుకుంటుంది. మేస్త్రి ఇన్నాళ్ళూ దాన్ని చులకనగా చూసేవాడు. శనివారం ఆవిడ కునుకు తీస్తుండగా గదిలోకి వెళ్ళి దాన్ని పెట్టాడు. ఆవిడ తడబడి ఏ స్విచ్చు వేసినా విమానానికి ఏమీ కాకుండా, చెక్క బల్ల నుంచి కంప్యూటర్‌కి వెళ్ళే వైరు కూడా పీకేశాడు. ఇప్పుడు ఆవిడ ఏం చేసినా ఒకటే, మీటర్లు వాటంతటవే సరిగ్గా కదులుతాయి. కూతురు చూస్తుంది, ఒప్పుకుంటుంది, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. మోసమే, కాదనడం లేదు. అంత మంచి ఉద్దేశంతో ఎంత చెడ్డపని చెయ్యొచ్చో ఆయనకి అప్పటికి తెలియదు.

ఆ వైరు మీదే రిలేలు కూడా బతుకుతున్నాయన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఇంకెవరికైనా తట్టకపోతే అర్థముంది. నాలుగో అంతస్తులో నిలబడి, కింద ఏ రిలే అతుక్కోలేదో చెవితో చెప్పే మనిషికి తట్టలేదు. పుట్టెడు రిలేల మధ్య బతికి బతికి, ఆ చప్పుడు ఆయన చెవికి ఇంట్లో గడియారం చప్పుడైపోయింది. ఉంటే వినడు, ఆగినా వినడు.

ఆదివారం కూతురు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆవిడ జుట్టు దువ్వుకుని, డ్యూటీకి వెళ్ళేటప్పుడు వేసుకునే నీలం కోటు వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. కోటు వేసుకోమని ఎవరూ చెప్పలేదు. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. విమానం లేచింది, తీరం దాటింది, వేగం పుంజుకుంది.

"వెనక్కి తోడండి ఇంజనీరు గారూ."

ఆవిడ చెయ్యి ఈసారి గాల్లో ఆగలేదు. ఒక స్విచ్చు, దాని పక్కది, కింది వరసలో మూలది. ఏది ముందో అదే ముందు. తెర మీద ముందు ట్యాంకుల ముళ్ళు తగ్గుతున్నాయి, తోక ట్యాంకుది పెరుగుతోంది. కూతురు ఫోను పక్కన పెట్టి ముందుకి వంగింది. "అబ్బ, అమ్మా" అంది మెల్లగా.

ఆవిడ అరచెయ్యి బల్లకి ఆనించింది. తీసి మళ్ళీ ఆనించింది. నుదురు ముడిపడింది.

"నడవట్లేదు" అంది.

మేస్త్రి వెనక్కి తిరగకుండానే, "నడుస్తోంది, మీటరు చూడు" అన్నాడు.

"మీటరుదేముందండీ, దాని మొహం. పంపు నడవట్లేదు." ఆవిడ వేసిన స్విచ్చులన్నీ కట్టేసింది. తోక ట్యాంకు ముల్లు పెరుగుతూనే ఉంది. "ఇదుగో, ఆపేశాను. అయినా పోతోంది. ఎవరు తోడుతున్నారు?"

కూతురు తండ్రి వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఆరిపోవడం మేస్త్రికి తెరలో నీడగా కనిపించింది. పిల్లకేం తెలుసు, ముల్లు కదులుతోంది, అమ్మ నడవట్లేదంటోంది. "అమ్మా, అన్నీ బానే ఉన్నాయిలే" అంది, చంటిపిల్లతో అన్నట్టు.

అప్పుడైనా ఆయన నిజం చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. కానీ మోసం బయటపడుతుందన్న భయంలో మనిషికి అవతలివాళ్ళు కనిపించరు. "నడుస్తోందన్నానా, నువ్వు ఊరికే కూర్చో" అన్నాడు. కాస్త విసుగ్గానే అన్నాడు.

ఆవిడ కుర్చీ తిప్పి ఆయన వీపు కేసి చూసింది. "మీరా?" అంది. ఆయన స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నా డ్యూటీలో ఇంకొకళ్ళని పెట్టారు. పెట్టి, నన్ను ఉత్తినే కూర్చోబెట్టారు." గొంతులో కోపం కూడా లేదు. నీలం కోటు విప్పి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచి, తడి చొక్కాల కిందనుంచి వంగి వెళ్ళిపోయింది.

మేస్త్రి స్టీరింగు వదిలేశాడు. తెర మీద విమానం తనంతట తను పోతూనే ఉంది. కూతురికి అంతా చెప్పాడు. వైరు చూపించాడు. "తనదే రైటు తల్లీ. ఒక్క తప్పు చెయ్యలేదు. తప్పంతా నాది."

కూతురు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "వైరు పెట్టు. అమ్మని పిలు. నేను మళ్ళీ చూస్తాను" అంది. దానికి మించి ఏ కూతురైనా ఏం చెయ్యగలదు?

వైరు పెట్టాడు. రిలేలు టక్కుమన్నాయి, బల్ల వణికింది. వెళ్ళి పిలిచాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, కుర్చీని చూసి ఆగిపోయింది.

"రండి ఇంజనీరు గారూ."

"అది నాది కాదు."

"నీదే. పంపు హౌస్ నుంచి తెచ్చుకున్నావు, గుర్తు లేదూ?"

"ఉత్తుత్తి కుర్చీ" అని వెనక్కి తిరిగింది.

మర్నాడు పిలిచాడు. ఆ మర్నాడు కూడా పిలిచాడు. బతిమాలాడు, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఆవిడ పొద్దున తాగిన టీ మరిచిపోయింది, కూతురి పేరు మరిచిపోయింది, ఒకసారి తన పేరే అడిగితే నవ్వి ఊరుకుంది. ఆ గది గుమ్మం దాకా రాగానే మాత్రం మొహం గట్టిపడేది. ఏం జరిగిందో గుర్తు లేదు గానీ, అక్కడ తనని ఎవరో మోసం చేశారన్నది మాత్రం పోలేదు. పోయినవన్నీ ఉండి అదొక్కటి పోయినా బాగుండునని ఆయన ఎన్నిసార్లు అనుకున్నాడో.

వారం ఆఖరుకి హోమ్‌వాళ్ళు ఫోను చేశారు. కూతురు ఆయన కేసి చూసింది. ఆయన తల వంచుకున్నాడు. అడ్డు చెప్పనని మాట ఇచ్చాడు మరి.

హోమ్ పెద్ద భవనం. శుభ్రంగా ఉంటుంది, అందరూ మెత్తగా మాట్లాడతారు. ఆవిడ గది పై అంతస్తులో, కిటికీ పక్కన. వెళ్ళిన మొదట్లో అక్కడి స్నానాల గదిలో పైపు మీద చెయ్యి పెట్టి నిలబడుతుండేదట. పైపులన్నీ గోడల లోపలే ఉన్నాయి, పైకి కనిపించేది ఒక్క మూరెడు. ఆయాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు నిలబడటం కూడా మానేసింది.

మేస్త్రి ఇంట్లో మళ్ళీ విమానం ఎక్కలేదు. కానీ చేతులు ఊరుకోవు కదా. చెక్క బల్ల విప్పి, అందులోంచి మంచి రిలే ఒకటి తీసి, రేకు డబ్బాలో పెట్టి, బ్యాటరీ కలిపాడు. పక్కన చిన్న స్విచ్చు. వేస్తే టక్కుమని అతుక్కుని, డబ్బా అంతా సన్నగా వణుకుతుంది. ఇందులో మోసమేమీ లేదని తనకి తనే చెప్పుకున్నాడు, నిజం రిలే, నిజం కరెంటు. ఆదివారం దాన్ని చొక్కా మడతల్లో చుట్టి హోమ్‌కి తీసుకెళ్ళాడు.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, డబ్బా ఆవిడ ఒళ్ళో పెట్టి, స్విచ్చు వేసి, ఆవిడ అరచెయ్యి తీసి దాని మీద ఆనించాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలా రోజులకి ఆ మొహం తేటపడింది. పెదవులు కదిలాయి.

"నడుస్తోంది" అంది.

"నడుస్తోంది ఇంజనీరు గారూ."

ఆవిడ కళ్ళు తెరిచి, డబ్బా చుట్టూ వేళ్ళతో తడిమింది. మూత తడిమింది, అడుగు తడిమింది. దేని కోసమో వెతుకుతోంది.

"ఏ ట్యాంకుకి పోతోంది?" అని అడిగింది.

మేస్త్రి నోరు తెరిచాడు. తోక ట్యాంకుకి అనొచ్చు. కింది వీధికి అనొచ్చు. ఏది చెప్పినా ఆవిడ నమ్మేది, కాసేపటికి మరిచిపోయేది కూడా. కానీ ఆయన వల్ల కాలేదు.

"ఎక్కడికీ పోవట్లేదు" అన్నాడు.

ఆవిడ అర్థమైనట్టు తలూపింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఆపెయ్యండి. ఊరికే కరెంటు దండగ" అంది.

ఆయన ఆపేశాడు.